డ్రమ్ములో మోగే మోటారు

పడవల షెడ్డు వెనకాల, మంచినీళ్ళ కుళాయి ఉన్న మూలకి పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు. అక్కడ మోటారు మోగుతుందట... మనిషి మాత్రం కనబడడట. టిక్కెట్లు కొట్టే ముసలాయన ఓసారి ఆ చప్పుడు విని, చెప్పులు ఎక్కడివక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. వారం రోజులు జ్వరంతో మూలిగాడు.

ఆ చోటికి చెడ్డపేరు ఊరికే రాలేదు. ఆరేళ్ళ కిందట ఆ రేవులో ఒకాయన పడవ నడిపేవాడు. ఒకరోజు ఉప్పునీటి పాయ మధ్యలో మోటారు పట్టేసి ఆగిపోయింది. గాలికి పడవ సముద్రం వైపు కొట్టుకుపోయింది. మూడోరోజు పడవ దొరికింది — మనిషి దొరకలేదు. మోటారుని ఊడదీసి తెచ్చి ఆ కుళాయి పక్కనే పడేశారు.

ఇప్పుడు అదే రేవులో పడవ నడిపేది ఆయన అల్లుడు. నోరు మంచిదే, ఒళ్ళే వంగదు. అందుకే అందరూ దొరబాబు అంటారు.

ఉప్పునీళ్ళలో తిరిగొచ్చిన మోటారుని సాయంత్రం ఆ కుళాయి పక్కనున్న మంచినీళ్ళ డ్రమ్ములో దించి, స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పాలి. తిప్పకపోతే లోపలి దారుల్లో ఉప్పు పేరుకుంటుంది. నీళ్ళాడక, ఏదో ఒకరోజు మోటారు ఉడికిపోయి పట్టేస్తుంది. దొరబాబుకి ఇదంతా తెలుసు. తెలిసే — మోటారుని డ్రమ్ములో దించి, "రేపు కడుగుదాంలే" అని పేకాటకి పోయేవాడు.

అలా నాలుగు నెలలు.

ఒకరోజు పక్క పడవ మోటారు పాయ మధ్యలో ఆగిపోయింది. పడవ నిండా బడిపిల్లలు. దొరబాబు తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చాడు. మెకానిక్ విప్పి చూస్తే, లోపలంతా ఉప్పు... గోడకి సున్నం కొట్టినట్టు.

"పనిలో పని, నీదీ చూసేస్తాను," అన్నాడు మెకానిక్.

దొరబాబు చెయ్యి అడ్డం పెట్టాడు. "నాదెందుకులే అన్నా," అనేలోపే మెకానిక్ మూత తీసేశాడు. టార్చి వేశాడు. వేలు పెట్టి రుద్ది చూశాడు.

"శభాష్! కడిగిన గిన్నెలా ఉంది కదరా. నువ్వూ బాగుపడ్డావన్నమాట."

దొరబాబు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం మోటారుని డ్రమ్ములో దించి పేకాటకి వచ్చాడే గానీ, ముక్కలు చేతిలో నిలవలేదు. రాజుకీ రాణికీ తేడా తెలియలేదు. నాలుగు నెలలుగా తను ఒక్కరోజు కూడా కడగలేదే... మరి కడుగుతున్నది ఎవరు?

"ఆడతావా, పడుకుంటావా?" అన్నాడు ఎదుటివాడు.

ముక్కలు కింద పడేసి లేచాడు.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. ముందు వైపు దీపం ఉంది. వెనక వైపు లేదు. గోడ పట్టుకుని నడిచాడు. నాలుగడుగులు... ఆగాడు. మళ్ళీ నాలుగు...

వినిపించింది.

గుడగుడమని, నీళ్ళలో మునిగిన గొంతుతో — మోటారు మోగుతోంది. అది తన మోటారే. ఆ చప్పుడు నిద్రలో కూడా గుర్తుపడతాడు.

గోడ మలుపులోంచి తల ఒక్కటే బయటపెట్టి చూశాడు.

డ్రమ్ము పక్కన తెల్లగా ఏదో వంగి ఉంది... చేతిలో పొడుగ్గా వేలాడుతూ ఏదో... మోటారు పక్క బెజ్జంలోంచి చిమ్మే నీటిధార కింద అరచెయ్యి పెట్టి, వెచ్చదనం చూస్తోంది. తర్వాత మోటారు మీద ఎక్కడో నొక్కింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో దొరబాబు గొంతులోంచి తనకే తెలియని కేక ఒకటి వచ్చింది. ఆ తెల్లటిది ఉలిక్కిపడి తిరిగింది.

"ఎవరూ?... మీరా, బాబూ?"

అత్తగారు! తెల్లచీర, చేతిలో నీళ్ళగొట్టం. భర్త పోయాక రేవు వైపు తొంగి కూడా చూడని మనిషి. ఒకే ఇంట్లో ఉంటూ అల్లుడితో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి.

దొరబాబు గోడకి జారగిలబడి నవ్వేశాడు. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీరా అత్తయ్యా... హడలి చచ్చాను! ఊరంతా దెయ్యమంటుంటే..."

ఆవిడ కొంగు సర్దుకుని కుళాయి కట్టేసింది. తల దించుకునే మాట్లాడింది.

"మీ మావయ్యకి ఈ పనంటే బద్ధకం, బాబూ. రేపు, రేపు అనేవారు. ఆ బద్ధకమే మింగేసింది. నా కూతురికి ఆ గతి పట్టకూడదని..."

దొరబాబు నవ్వు ఆగిపోయింది. వెళ్ళి ఆవిడ చేతిలోని గొట్టం తీసుకుని తనే చుట్టసాగాడు.

"రేపట్నుంచి నేనే కడుగుతాను. మీ మీద ఒట్టు, అత్తయ్యా. ఈ చీకట్లో ఒక్కరూ వచ్చి, ఆ తాడు లాగి స్టార్ట్ చేసి... మీకెంత కష్టం!"

ఆవిడ అయోమయంగా తలెత్తింది. కీళ్ళనొప్పులతో వంకర్లు పోయిన వేళ్ళు చీకట్లో చాచింది.

"నేను తాడు లాగడమేమిటి, బాబూ? నేనొచ్చేసరికి రోజూ మోగుతూనే ఉంటుంది. మీరే స్టార్ట్ చేసి పేకాటకి పోతున్నారు కదా, డ్రమ్ములో నీళ్ళు అయిపోతే పాడైపోతుందని... నీళ్ళు పోసి, ఆపేసి పోవడానికే నేనొస్తున్నాను..."