తెరుచుకోని ఐదో ఉత్తరం

పిట్ట బటన్ మళ్లీ నొక్కింది.

లోపల ఫ్యాను గిర్రుమంది. ముందున్న ఆకుపచ్చ లైటు వెలిగింది. మానిటర్ మాత్రం నల్లగా అలాగే ఉండిపోయింది.

"ప్లీజ్" అని బతిమాలింది పిట్ట.

కంప్యూటర్ కరగలేదు.

పిట్ట అసలు పేరు వేరే. అన్నం గింజలు ఏరుకుంటూ తింటుందని వాళ్ల నాన్న సరదాగా అలా పిలిచాడు. ఇంట్లో అదే పేరైపోయింది. నాన్న లారీ నడుపుతాడు. వెళ్లాడంటే పది రోజులకు గానీ రాడు. అమ్మ ఆసుపత్రి ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. ఆమె ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. స్కూలు అయ్యాక అప్పటిదాకా ఇంట్లో ఉండేది పిట్ట, గోడ గడియారం, ఈ పాత కంప్యూటర్.

ఆ కంప్యూటర్ పిట్టకంటే రెండేళ్లు పెద్దది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కొత్తవి కొన్నప్పుడు, పాతవాటిలో ఒకదాన్ని నాన్న ఇంటికి తెచ్చాడు. దానికి ఇంటర్నెట్ లేదు. ఆటలు రెండే రెండు. కానీ లారీ ఎక్కే ముందు రోజు నాన్న దాని ముందు కూర్చుని, ఒక్క వేలితో టక్కు టక్కుమని పది ఉత్తరాలు టైప్ చేసేవాడు. 'ఒకటి' నుంచి 'పది' దాకా పది ఫైళ్లు. రోజుకు ఒకటే తెరవాలి. అది తండ్రీ కూతుళ్ల ఒప్పందం.

నాన్న ఫోన్ కూడా చేస్తాడు. కానీ వెనక హారన్ల మోత. "తిన్నావా? చదువుకున్నావా?" అనేలోపు సిగ్నల్ పోతుంది. ఉత్తరాల్లో అలా కాదు. తీరిగ్గా పక్కన కూర్చుని మాట్లాడినట్టు ఉంటుంది.

"ఈరోజు సోమవారం. ఈపాటికి నీ సాక్సు ఒకటి మంచం కింద, ఇంకోటి ఎక్కడో ఉండుంటుంది. వెళ్లి తియ్యి. తీశావా? అబద్ధం. ముందు లే."

పిట్ట నవ్వుకుంటూ వెళ్లి రెండూ తీసింది. అది మూడో ఉత్తరం. మంగళవారం నాలుగోది చదివింది. ఈరోజు బుధవారం. ఐదోది లోపలే ఉండిపోయింది.

కంప్యూటర్ ఎందుకు మొండికేసిందో పిట్టకి తెలియకపోలేదు.

నిన్న సాయంత్రం నాన్న ఫోన్ చేశాడు. "పిట్టా, ఇక్కడ సరుకు దించడానికి ఆలస్యమవుతోందమ్మా. ఇంకో వారం పట్టేలా ఉంది" అన్నాడు.

"సరే" అని ఫోన్ పెట్టేసింది పిట్ట. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తనకే తెలియదు. టేబుల్ కింద ఉన్న సీపీయూ పెట్టెని కాలితో ఒక్క తన్ను తన్నింది. పెట్టె వెళ్లి ధన్‌మని గోడకి కొట్టుకుంది. మానిటర్ ఆరిపోయింది.

బుధవారం సాయంత్రం అమ్మ వచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే పిట్ట చెప్పేసింది.

"అమ్మా, కంప్యూటర్ పాడైపోయింది."

"అదేంటే? ఎలా పాడైంది?"

నిజం చెబుదామనే పిట్ట నోరు తెరిచింది. తీరా వేరే మాట బయటికొచ్చింది.

"బుల్లి... నిన్న వచ్చి కీబోర్డు మీద టపటపా కొట్టింది."

బుల్లి అంటే పక్కింటి మామ్మగారి మనవరాలు. ఐదేళ్లుంటాయి. పిట్ట స్కూలు నుంచి రాగానే వెనకే వచ్చేది. "ఇదేంటి? అది ఎందుకు? నేను నొక్కనా?" అంటూ ప్రశ్నలతో ప్రాణం తీసేది.

అమ్మ నిట్టూర్చి పక్కింటికి వెళ్లింది. తలుపు దగ్గర మాటలు పిట్టకి వినిపించాయి.

"ఏమీ అనుకోకండి పిన్నిగారూ. అది బాగా పాతది. చంటిది మళ్లీ చెయ్యి పెట్టకుండా కాస్త చూడండి."

"అయ్యో, అంత పని చేసిందా! ఇంక పంపించనులే అమ్మా."

పిట్ట మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది.

మర్నాడు బుల్లి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని పిట్టకి ఇదివరకు తెలియదు. గడియారం టిక్కుటిక్కుమంటుంటే ఎవరో వేలితో తల మీద కొడుతున్నట్టుంది. ఏదో ఒక గొంతు వినపడుతుందని తెలుగు పాఠం పైకి చదివింది. తన గొంతు తనకే విసుగొచ్చింది. గోడకి చెవి ఆనించింది. అవతల టీవీ చప్పుడు తప్ప బుల్లి మాట వినిపించలేదు.

నల్లటి మానిటర్ ముందు కూర్చుని ఐదో ఉత్తరంలో ఏముందో ఊహించబోయింది. 'ఈరోజు బుధవారం...' అంతే. ఆ తర్వాత నాన్న ఏం రాసి ఉంటాడో ఎంత ఆలోచించినా తట్టలేదు.

ఆదివారం పొద్దున అమ్మ రిపేరు అక్కని పిలిపించింది. వీధి చివర ఆమెకి చిన్న షాపు ఉంది. భుజాన సంచీ, జడముడిలో గుచ్చిన స్క్రూడ్రైవర్. వస్తూనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముందు సంగతి చెప్పండి. ఆగిపోక ముందు ఏం జరిగింది? కరెంటు పోయిందా? కింద పడిందా? దేనికైనా గుద్దుకుందా?"

అమ్మ పిట్ట వైపు చూసింది.

"ఏం కాలేదు" అంది పిట్ట నేల చూపులు చూస్తూ. "బుల్లే కీబోర్డు..."

రిపేరు అక్క కీబోర్డు ఊడదీసి, తను తెచ్చింది పెట్టింది. మార్పు లేదు. ప్లగ్గు మార్చింది. మానిటర్ వైరు మార్చింది. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, అంతే సంగతులు.

"దెబ్బ తగల్లేదు, పడలేదు అంటున్నారు. అలాగైతే లోపలి బోర్డే కాలిపోయి ఉంటుందండీ. ఈ కాలంనాటి బోర్డులు ఇప్పుడు దొరకవు. విప్పినా శ్రమ దండగ."

"అయితే ఇంకేం చేస్తాం? మీరే పట్టుకెళ్లండి. ఏ స్క్రూకో, నట్టుకో పనికొస్తుంది" అంది అమ్మ.

రిపేరు అక్క నల్ల వైరుని మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది. ఒక చుట్టు. రెండో చుట్టు.

"తన్నాను" అంది పిట్ట.

"ఎవరిని?" అంది రిపేరు అక్క తలెత్తి.

"దాన్నే. కాలితో తన్నాను. నాన్న ఇంకో వారం రానన్నాడని..." పిట్ట గొంతు సన్నబడింది. "బుల్లి ఏమీ చెయ్యలేదు. అసలు ఆ రోజు అది రానే లేదు."

రిపేరు అక్క చుట్టిన వైరు విప్పేసింది.

"ఎటు వైపు తన్నావు?"

"ఇటు."

"గట్టిగానా, మామూలుగానా?"

"గట్టిగా."

"అదీ! ఇప్పుడు దారిలో పడ్డాం" అంటూ జడముడిలోంచి స్క్రూడ్రైవర్ లాగింది.

పెట్టె పక్క రేకు ఊడింది. లోపల దుమ్ము బూడిద రంగు దూదిలా పేరుకుని ఉంది. రిపేరు అక్క బ్రష్షుతో దులిపి, చిన్న స్కేలంత పచ్చటి ముక్కని వేలితో చూపించింది.

"దీన్ని ర్యామ్ అంటారు. ఆన్ చెయ్యగానే కంప్యూటర్ దీనికోసమే తడుముకుంటుంది. నీ తన్నుకి ఒక పక్క ఎలా పైకి లేచిందో చూడు. నీ దగ్గర పెన్సిల్ రబ్బరుందా?"

పిట్ట పరుగున వెళ్లి తెచ్చింది. ప్లగ్గు తీసేశాక రిపేరు అక్క ఆ ముక్కని బయటికి లాగి, అంచున ఉన్న బంగారు రంగు గీతల్ని రబ్బరుతో మెత్తగా రుద్దింది. ఉఫ్‌మని ఊది, మళ్లీ దాని చోట పెట్టి నొక్కింది. టిక్. టిక్. రెండు పక్కలా బిగుసుకుంది.

ప్లగ్గు పెట్టి ఆన్ చేసింది.

బీప్!

మానిటర్ మీద తెల్లటి అక్షరాలు పరిగెత్తాయి. తర్వాత నీలి రంగు వచ్చింది. మూలన 'పిట్టకి' అనే ఫోల్డర్. అందులో ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది... అన్నీ భద్రంగా ఉన్నాయి.

పిట్ట వెనక్కి తిరిగి చూసింది. అమ్మ స్క్రీన్ వైపు చూడటం లేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికమ్మా?"

"పక్కింటికి. ఆవిడతో అన్న మాట వెనక్కి తీసుకోవద్దూ?"

ఐదో ఫైలు మీద బాణం గుర్తు నిలబడి ఉంది. ఒక్క నొక్కు చాలు. పిట్ట దాని వైపు ఒక్క క్షణం చూసింది. కంప్యూటర్‌ని పద్ధతిగా షట్ డౌన్ చేసి లేచింది.

"నువ్వు ఉండమ్మా. నేను వెళ్తాను."

తలుపు తీసిన మామ్మకి పిట్ట గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేసింది. మామ్మ తిట్టలేదు. ఉసూరుమంది.

"అందుకా తల్లీ! నాలుగు రోజుల నుంచి అది టీవీ రిమోట్ కూడా ముట్టుకోవడం లేదు. 'నేను ముట్టుకుంటే పాడైపోతుంది' అంటుంది. అన్నం కూడా నేనే కలిపి పెడుతున్నాను."

బుల్లి గది మధ్యలో కూర్చుని ఉంది. చేతులు రెండూ వీపు వెనక దాచుకుంది.

పిట్ట లోపలికి వెళ్లింది. ఎదురుగా చతికిలబడింది.

"నువ్వు కాదే బుల్లీ. నేనే. కాలితో తన్నాను."

బుల్లి కళ్లు పెద్దవి చేసింది. "కంప్యూటర్‌కి నొప్పి పుట్టిందా?"

"ఊఁ."

"సారీ చెప్పావా?"

"చెప్పలేదు. ముందు నీకు చెబుదామని వచ్చాను. సారీ."

బుల్లి లేచి పిట్ట వెనకే వాళ్లింటికి నడిచింది. చేతులు మాత్రం వీపు వెనకే ఉన్నాయి. పిట్ట కుర్చీలో దిండు వేసి బుల్లిని కూర్చోబెట్టింది. టేబుల్ కింద ఉన్న పెట్టెని ఎత్తి బుల్లి ముందు పెట్టింది.

"నువ్వే నొక్కు."

బుల్లి తల అడ్డంగా ఊపింది. "వద్దు. పోతుంది."

"పోదు. ఒకవేళ పోయినా, నొక్కమన్నది నేనేనని నేనే చెప్తాను."

బుల్లి గుమ్మంలో ఉన్న అమ్మని చూసింది. రిపేరు అక్కని చూసింది. పిట్టని చూసింది. వెనకనుంచి ఒక చెయ్యి తీసి, గౌనుకి తుడుచుకుని, చూపుడువేలితో బటన్ నొక్కింది.

బీప్!

బుల్లి రెండో చెయ్యి కూడా బయటికి తీసింది.