దండాసి పాస్టరు గారి మైకు

బర్మాలో పజుండౌంగ్ అనే పేటలో, వాగు ఒడ్డున ఒక సందు ఉంది. సందు చివర దండాసి పాస్టరు గారి ప్రార్థన గది. పగటిపూట కూడా కుక్క అటు మూతి పెట్టదు. బర్మా పిల్లలు దాన్ని ‘తసే ఇల్లు’ అంటారు, దెయ్యాల కొంప అని. మన తెలుగువాళ్ళకు ఆ మాట అనడానికి కూడా ధైర్యం చాలదు. ‘ఆ గది’ అంటారు, అంతే.

పాస్టరు గారు పోయింది అక్కడే. మైకు పట్టుకుని, ప్రార్థన సగంలో కూలిపోయారు. ఆ తర్వాత అంటుజబ్బు రోజుల్లో గదికి తాళం పడింది, మళ్ళీ ప్రార్థన కూడికలు జరగలేదు. కానీ రాత్రిళ్ళు లోపల ఎవరో గొంతు సవరించుకుంటారని... నేను వినలేదు. విన్నామన్నవాళ్ళు మాత్రం సందుకు ఇద్దరు చొప్పున దొరుకుతారు.

నాకీ సంగతి మిరియం చెప్పింది. ఆవిడ కట్టుకథలు చెప్పే మనిషి కాదు. కూరలో ఉప్పు తక్కువైతే వండినవాళ్ళ మొహం మీదే చెప్పేస్తుంది. అలాంటి మనిషి ఇది చెబుతూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది.

సైన్యం గద్దెనెక్కిన ఏడు అది. ఊరు ఊరంతా తిరగబడింది. మిరియం తమ్ముడు క్రిస్టోఫర్‌కి రైల్వేలో పని. డ్యూటీ మానేసి సమ్మెలో కలిశాడు. ఇక వాణ్ణి వెతకడం మొదలుపెట్టారు. పట్టుకుపోయినవాళ్ళలో కొందరు ఎలా తిరిగొస్తున్నారో, కొందరు అసలెందుకు రావడంలేదో ఊరందరికీ తెలుసు. దాక్కోవాలంటే ఎవరూ అడుగుపెట్టని చోటే కావాలి కదా... వాడు ముందు తలుపు తాళం ఊడబెరికి ‘ఆ గది’లో దూరాడు. వాడికి బతికున్నవాళ్ళ భయమే తప్ప చచ్చినవాళ్ళ భయం లేదు.

చచ్చినవాళ్ళ భయమంతా మిరియంది. రోజూ అన్నం పట్టుకెళ్ళాల్సింది మాత్రం ఆవిడే!

ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇంటింటా గిన్నెలు, మూకుళ్ళు మోగించేవారు. ఇంట్లో దూరిన చెడును అలా మోతపెట్టి తరమడం బర్మావాళ్ళ ఆచారం. అప్పుడు దూరిన చెడు ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కర్ఫ్యూ మొదలయ్యేదీ అప్పుడే. మిరియం సరిగ్గా ఆ మోతలోనే అన్నం క్యారేజీ కొంగు కింద పెట్టుకుని బయల్దేరేది. తలుపు కిర్రుమన్నా ఎవరికీ వినపడదు, అంత మోతలో పాస్టరు గారూ దగ్గరికి రారు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు.

“పాస్టరు గారిని గిన్నెలు కొట్టి తరుముతావేటే అప్పా?” అని తమ్ముడు నవ్వేవాడు.

ఇక్కడ హెరాల్డ్ మావ సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఓడల్లో పనిచేసినాయన. సందు మొదట్లోనే, వంతెన పక్కన పై అంతస్తులో ఉంటాడు. ఆయన దగ్గర ఒక సీబీ రేడియో ఉంది. లారీ డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే పెట్టె అది. ఫోన్‌ని నమ్మలేని రోజులు. అందుకని సైన్యం లారీలు కదిలితే, వాగు అవతల తాకేటా పేటలో సమ్మెవాళ్ళతో ఉన్న సూర్యప్రకాష్‌కి మావ ఆ రేడియోలో చెప్పేవాడు, అదీ శ్రీకాకుళం తెలుగులో. దారిలో ఏ సిపాయి విన్నా ఏం అర్థమవుతుంది పాపం!

చిక్కల్లా మావ గొంతు అవతలికి సరిగా అందకపోవడం. దాంతో ఆయన తుక్కు కొట్లోంచి చేపల పడవ రేడియో ఒకటి తెచ్చి, అందులో జోరు పెంచే ఆంప్లిఫయర్ భాగం కోసి, తన పెట్టెకు అతికించే పనిలో పడ్డాడు. వేళ్ళన్నీ కాల్చుకున్నాడు. ఆయన్ని చూసి సందంతా నవ్వింది.

ఆ రోజు మిరియం గదిలోకి వెళ్ళేసరికి కరెంటు లేదు. క్రిస్టోఫర్ చీకట్లోనే క్యారేజీ విప్పుకున్నాడు. బయట గిన్నెల మోత ఒక్కో ఇల్లూ తగ్గుతూ... తగ్గుతూ... ఆగిపోయింది.

అప్పుడు కరెంటు వచ్చింది. గది మూలనున్న మైకు పెట్టె మీద ఎర్రటి చుక్క వెలిగింది. ఆఖరి కూడిక నాడు దాన్ని ఆపడం మరిచిపోయారు కాబోలు. గోడ మీది బాకా స్పీకరు నెమ్మదిగా గుయ్‌మంది. ఆ తర్వాత —

“ఎవులున్నారు... పలకండి...”

మగ గొంతు. బొంగురు గొంతు. తెలుగు!

క్రిస్టోఫర్ చెయ్యి అన్నంలో ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది.

“ఇనబడతందా... నాను పిలస్తన్నాను... పలకండి...”

“ఓలమ్మో... పాస్టరు గారురా...” అంది మిరియం, పైకి వినిపించకుండా.

క్రిస్టోఫర్ పాకుకుంటూ వెళ్ళి మైకు తడిమి చూశాడు. మైకు ఉన్నచోటే ఉంది, దాని నిండా సాలెగూడు. అంతవరకు నవ్విన వాడు చెయ్యి వెనక్కి లాక్కుని అక్క పక్కకి చేరాడు. పారిపోదామంటే బయట కర్ఫ్యూ. లోపల ఈ గొంతు. మిరియం ఒక్కతే అయితే ఎప్పుడో పరిగెత్తేది. తమ్ముణ్ణి వదిలేసి ఎలా పోతుంది? వాడి చొక్కా పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

బాకా మళ్ళీ గరగరలాడింది. ఈసారి గొంతులో తొందర.

“వచ్చేస్తన్నారు... లారీలు... మన సందులోకే తిరిగినాయి —”

ఫట్‌మని చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేకపోవడం కాదు... దూరంగా ఇంజను మోత. సందు మొదట్లో దీపాల వెలుగు. బూట్లు.

“ఎనక నుంచి పోదారి, లే!” అంది మిరియం.

“ఎనక తలుపు రాదప్పా. మొన్నే లాగి చూసినాను. బయట తాళం, తుప్పట్టిపోనాది.”

ముందు తలుపు దగ్గర ఎవరో బర్మా భాషలో అరిచారు. తుపాకీ మడమతో ఒక దెబ్బ పడింది. మిరియం కళ్ళు మూసుకుని తమ్ముడి తలను ఒళ్ళోకి లాక్కుంది. తన కళ్ళముందే వాణ్ణి ఈడ్చుకుపోతారని తేలిపోయింది ఆవిడకి.

అప్పుడు వినిపించింది. గరగర లేదు, తొందర లేదు. చాలా దగ్గరగా, చిన్న పిల్లలకు చెప్పినట్టు...

“ఎనక తలుపు తీసే ఉంది, బాబూ.”

ఇద్దరూ ఒకేసారి లేచారు. క్రిస్టోఫర్ భుజం ఆనించాడో లేదో, తలుపు తెరుచుకుంది. బురద, వాగు, పడవల రేవు. రేవు చెక్కల కింద నడుం లోతు నీళ్ళలో నిలబడి, గదిలో బల్లలు విరగ్గొడుతున్న చప్పుడు వింటూ రాత్రంతా గడిపారు. తెల్లవారగానే చేపలు పట్టే సంపాన్ పడవ ఒకటి క్రిస్టోఫర్‌ని తాకేటా ఒడ్డున దింపింది. వాడు దొరకలేదు. ఇప్పుడెక్కడున్నాడో మిరియం చెప్పలేదు, నేనూ అడగలేదు.

కొన్నాళ్ళు పోయాక మిరియం హెరాల్డ్ మావ ఇంటికి వెళ్ళింది. మావ బల్ల ముందు కూర్చుని మాడిపోయిన రేకుముక్క ఒకటి చూసుకుంటున్నాడు.

“దీని పిండం పిల్లులకెట్ట!” అన్నాడు. “అన్ని తిప్పలు పడి అతికిస్తే ఆ రేతిరి సూరిగాడికి ఒక్క ముక్క ఇనపడ్లేదంట. ఒకటే గుర్రుమని చప్పుడంట. మన పక్కింటి ఏలమ్మ మాత్రం వాళ్ళ టీవీలో నా గొంతు ఇనపడిందని తగువుకొచ్చింది.”

తప్పెక్కడో ఆయన అప్పటికే కనిపెట్టాడు, అదీ విప్పి చెప్పాడు. జోరు పెంచే భాగం కోశాడు గానీ, దాని పక్కనుండే తీగచుట్టలు పాత రేడియోలోనే వదిలేశాడు. అవి జల్లెడ లాంటివి. అవి లేకపోతే ఆ జోరు అడ్డూ అదుపూ లేకుండా చుట్టుపక్కల ఏ పెట్టెకు పొడుగాటి తీగ ఉంటే అందులో దూరి పలుకుతుంది.

పొడుగాటి తీగ... మైకు తీగ!

మిరియం పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. మావ రెండు చేతులూ పట్టుకుంది.

“అది నీ గొంతా మావా! పాస్టరు గారనుకుని పేనాలు పైకే పోనాయి. నీ వల్లే బతికినాడు మా తమ్ముడు. లారీలొస్తన్నాయని చెప్పినావు సరే... ఆ ఎనక తలుపు సంగతి చెప్పకపోతే దొరికిపోదుడు.”

మావ ఆవిడ వంక అయోమయంగా చూశాడు.

“ఎనక తలుపేటే?”

“తీసే ఉందన్నావు కదా...”

“నాకేటి తెల్సు మీరక్కడున్నారని?” అన్నాడు మావ. “లారీలు మన సందులోకి తిరిగినాయన్నాను. ఆ మాట నోట్లో ఉండగానే ఇది ఫట్‌మని పేలిపోనాది, ఇల్లంతా పొగ. ఆ తరవాత నానేటి మాటాడనేదే తల్లీ.”