ఫిల్టర్ మింగిన లైను

పదకొండింటికి గురుగ్రామ్ ఆఫీసులో ఆర్డర్ల పేజీ కుప్పకూలింది. మూడింటికల్లా దోషి పేరు ఖాయమైపోయింది: క్రాంతి.

కంపెనీ టెక్ బ్లాగులో అతను కామెంటుగా పెట్టిన కోడునే టీమ్ మక్కీకి మక్కీ వాడింది. అందులో మధ్య లైన్లు లేవు. నాలుగింటికి మేనేజర్ రఘువీర్ దగ్గర మీటింగ్. తప్పు తేలితే ఉద్యోగం పోతుంది.

బ్లాగు చూసుకునే శరణ్య కోపంగా క్రాంతి సీటు దగ్గరికొచ్చింది. ఒకప్పుడు ప్రతి పోస్టు కిందా ఆమెను ఆటపట్టించి, ఆర్నెల్ల క్రితం ఉన్నట్టుండి మాటలు మానేసిన మనిషి అతను.

"సగం కోడ్ పెట్టినవేంది?"

"పూర్తిగానే పెట్టాను మేడమ్. కామెంట్లు చూసి పబ్లిష్ చేసేది మీరే కదా."

ఆ 'మీరు' ఆమెకు గుచ్చుకుంది. అక్కడే నిలబడి ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ తెరిచింది. ఆర్నెల్ల నాటి అసలు కామెంటు చెక్కుచెదరకుండా ఉంది. కోడు మొత్తం ఉంది. దాని కింద, కోడు లాగే < > యాంగిల్ బ్రాకెట్ల మధ్య, ఇంకో లైను.

'శరణ్యా, ఆదివారం ఐదింటికి హౌజ్ ఖాస్ మెట్రో గేటు దగ్గర ఉంటాను. ఇష్టమైతేనే రా.'

బ్లాగులో ఈ లైను లేదు. ఆ బ్రాకెట్ల మధ్య ఏమున్నా లింకులు పెట్టే హెచ్‌టీఎమ్‌ఎల్ అనుకుని బ్లాగు ఫిల్టర్ తీసిపారేస్తోంది.

"ఆ రోజు వచ్చినవా?" గొంతు తగ్గించి అడిగింది.

ఎనిమిది దాకా వానలో నిలబడ్డానన్నాడు. రూముకెళ్లి చూస్తే కామెంటు పబ్లిష్ అయి ఉంది, ఆ లైను తప్ప.

"నువ్వే తీసేశావనుకున్నా. పైన కోడ్ ఉందో లేదో కూడా చూడలేదు."

"ఒక్క మాట అడగొచ్చు కదా."

"కొట్టేసిన మాటని మళ్లీ ఎలా అడగను?"

"కనిపిస్తే వచ్చేదాన్ని."

అతను చెయ్యి చూపించాడు. కొత్త ఉంగరం. పోయిన ఆదివారమే కాకినాడలో తాంబూలాలు పుచ్చుకున్నారట. అమ్మాయి పేరు గౌరి.

"ఇంతకీ ఆ ఫిల్టర్ ఎవరు పెట్టారు?" అన్నాడు క్రాంతి.

ఆమె సెట్టింగ్స్ తెరిచింది. తేదీ, పేరు చూసి ల్యాప్‌టాప్ మూసేసింది.

నాలుగింటికి రఘువీర్ అందరి మొహాలూ చూశాడు. "అచ్ఛా, తప్పెవరిది?"

క్రాంతి తలొంచుకుని లేవబోయాడు. శరణ్య ముందే లేచింది.

"స్పామ్ లింకులొస్తున్నాయని బ్లాగులో ఫిల్టర్ పెట్టి, కోడ్‌కి మినహాయింపు ఇవ్వడం మర్చిపోయారు సర్. కోడ్ పోయింది అందుకే."

"ఎవరు?"

ఆమె చూపు ఆ ఉంగరం మీదే ఉంది.

"నేనే సర్. శరణ్య అని రాసుకోండి."