రామ్‌సింగ్ మోటరు రూంల గిటార్

జూలూరుపాడు దిక్కు అడివి అంచుకు ఒక లంబాడి తండా, దాని పక్కన రామ్‌సింగ్ చేను ఉంది. ఆ చేన్ల రేకుల మోటరు రూం ఒకటి. పొద్దుమూకిందంటే దాని దిక్కు ఎవ్వడూ పోడు. ఎడ్లు తప్పిపోయినా తెల్లారినంకనే వెతుక్కుంటరు. రాత్రి కరెంటు పోయిందని ఫోన్ చేస్తే లైన్‌మన్ గూడ "పొద్దుగాల చూద్దాం తియ్" అంటడు.

ఎందుకంటే, ఆ రూంల గిటార్ మోగుతది.

డప్పు మోగితే భయపడే తండా కాదది. కానీ మనిషి లేని కాడ, లైటు లేని కాడ, రాత్రి పదింటికి — దుం... టిం... టిం... ఆగుతది. మళ్ళ మొదలైతది. వాయించేది రామ్‌సింగ్ కొడుకు హీరాలాల్ అని అందరికీ ఎరుకే. హీరాలాల్ సచ్చిపోయి నాలుగు నెలలైంది.

అనిల్‌కుమార్‌కు ఈ ముచ్చట తెల్వది. ఖమ్మంల, ఖానాపురం హవేలి కాడ, కిరాయి రూంల గిటార్ నేర్పేటోడు ఆయన. హీరాలాల్ ఆయన దగ్గర నేర్చుకున్నడు. కొరియర్ ఆఫీసుల డ్యూటీ దిగి, ఆ చొక్కా మీదనే వచ్చేటోడు. ప్లాస్టిక్ బిళ్ళతోని తీగలు గీకుడు నెల రోజులల్ల పట్టేసిండు. "బిళ్ళ వద్దు సార్, వేళ్ళతోని నేర్పుండ్రి" అని వెంటపడ్డడు.

వేళ్ళతోని అంటే అల్కగ రాదు. లావు తీగలు మూడు బొటనవేలుకు. అది ఆగొద్దు, నడుస్తనే ఉండాలె. సన్న తీగలు మూడు — చూపుడు వేలుకొకటి, నడిమి వేలుకొకటి, ఉంగరపు వేలుకొకటి. ఒక చేత్తోని దంచుకుంట ఇంకో చేత్తోని చెరిగినట్టు. కాకపోతె ఆ రెండు పనులూ ఒక్క చెయ్యే చెయ్యాలె.

హీరాలాల్‌కు అన్నీ వచ్చినయ్, ఆ ఉంగరపు వేలు తప్ప. అది ఎప్పుడూ రవ్వంత ఆలస్యంగ పడేది. దుం, టిం, టిం... ... టిం. ఎన్ని సార్లు చెప్పినా గంతే. చేతిని చూసుకుంట వాయించుడు వాని రోగం.

మక్క చేను పనికని వాడు సెలవు పెట్టి తండాకు పోతుంటే, అనిల్ తన పాత గిటార్ చేతికిచ్చిండు. ఇంట్ల వాయిస్తే నాయిన ఒప్పుకోడు, చేన్ల మోటరు రూంల వాయించుకుంట అన్నడు వాడు. అప్పుడు అనిల్ ఫోన్ల మాట రికార్డు చేసి పంపిండు. పెద్ద గురువు లెక్క, గొంతు సవరించుకొని మరీ చెప్పిండు.

"హీరా, లైటు బంద్ చెయ్యి. చేతిని చూసినంత సేపు నీకు రాదు. చీకట్ల కూసో. మెల్లగ వాయించు. నీకు తప్ప ఎవ్వరికీ వినపడొద్దు."

పది రోజులకు కబురొచ్చింది. చేనుకాడ, రాత్రి, పురుగు ముట్టి హీరాలాల్ పోయిండని.

అప్పటి సంది అనిల్‌కు కంటి మీద కునుకు లేదు. చీకట్ల కూసోమన్నది తనే. పాము ముట్టింది గూడ చీకట్లనే గద. "లైటు ఉండె సార్, అయినా ముట్టింది" అని ఎవరన్న ఒక్క మాట అంటే చాలు, మళ్ళ మనిషినైత అనుకున్నడు. ఆ ఒక్క మాట కోసమే బండెక్కిండు. అడిగినోళ్ళకు మాత్రం గిటార్ తెచ్చుకోవాలె అని చెప్పిండు. సావుకు పోని మనిషి, నాలుగు నెలలకు గిటార్ కోసం పోతున్నడంటే జనం ఏమనుకుంటరో అన్న సోయి గూడ లేదు.

దారిల టైరు పంక్చరైంది. తండా చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. హీరాలాల్ తల్లి సక్రి తలుపు సగం తీసి చూసింది.

"రామ్‌సింగ్ కాకా లేడా అమ్మా?"

"చేన్ల పండుకుంటడు. నువ్వు పోకు సారూ. పొద్దుగాల పో."

"ఎందుకు?"

ఆమె వీధి అటు చివర ఇటు చివర చూసింది. గొంతు తగ్గించింది. "వాడు ఆడనే ఉన్నడంటున్నరు."

"అమ్మా... ఆ రాత్రి, పురుగు ముట్టినప్పుడు... లైటు ఉండెనా?"

సక్రి తలుపు ఏసుకుంది.

బండి రోడ్డు మీద పెట్టి గట్టు మీదికి దిగిండు. ఫోన్ లైటు ముందు రెండడుగులే చూపిస్తున్నది. మక్క కోసిన కొయ్యలు కాళ్ళకు గీసుకుంటున్నయ్. అడివి దిక్కు నుంచి చలి గాలి... ఏదో పిట్ట ఒక్క సారి అరిచి ఊకుంది. దూరంగ రేకుల రూం నల్లగ కనపడ్డది.

దుం...

అనిల్ ఆగిండు.

దుం... టిం... టిం...

గాలికి తీగలు మోగుతున్నయేమో. అవ్, గాలే. గట్లనే అనుకున్నడు.

దుం, టిం, టిం... ...

... టిం.

గాలి బొటనవేలును ఆపకుండ నడిపిస్తదా? గాలికి ఉంగరపు వేలు ఉంటదా? ఉన్నా, అది సరిగ్గ హీరాలాల్ ఆలస్యమైనంతే ఆలస్యమైతదా? ఆ తప్పు ఈ భూమ్మీద ఒక్కనిది. దాన్ని దిద్ద చాతగాక ఎన్నిసార్లు తిట్టిండో అనిల్‌కే ఎరుక.

ఎనక్కి తిరిగి ఉరికేటోడే. కానీ అడగాల్సిన మాట ఒకటుండె. బతికున్నోళ్ళు చెప్పలేదు. సచ్చినోడన్న చెప్తడేమో అనుకున్నడు.

తలుపు లేని గుమ్మంల నిలబడ్డడు. లోపల చీకటి. వాయించుడు ఆగలేదు.

"హీరా..." అన్నడు మెల్లగ.

ఆగింది.

ఫోన్ లైటు లోపలికి తిప్పిండు. ముందు గిటార్ కనపడ్డది — తనదే, మూల మీద చెక్క లేచినది. తర్వాత చెయ్యి కనపడ్డది. అది హీరాలాల్ చెయ్యి కాదు. పగుళ్ళు పట్టి, పార పట్టి పట్టి ముడుసుకపోయిన ముసలి చెయ్యి. ఆ పైన రామ్‌సింగ్ మొకం.

"లైటు కిందికి దించు సారూ. కండ్లల్ల పడుతున్నది."

అనిల్ గుమ్మంలనే కూసున్నడు. దెయ్యం లేదు, ఏం లేదు. యాభై ఐదేండ్ల రైతు వేళ్ళతోని గిటార్ నేర్చుకుంటున్నడు. నవ్వొచ్చింది అనిల్‌కు. నిజంగనే నవ్విండు, సిగ్గులేకుండ.

"ఎవరు నేర్పిండ్రు కాకా?"

"వాడే. వాని ఫోన్ల వాడు వాయించినయి ఉన్నయ్. రోజూ ఇంటున్న."

"ఆఖరు వేలు ఆలస్యంగ పడుతున్నది. దాన్ని—"

"తెలుసు. దిద్దకు." రామ్‌సింగ్ గొంతు లేవలేదు. "వాడు గట్లనే వాయించిండు. నాకూ గట్లనే రావాలె."

అనిల్ అడగకముందే ముసలాయన చెప్పుడు మొదలుపెట్టిండు.

"పురుగు కాదు సారూ. తీగ. పందులు మక్క తినిపోతున్నయని చేను సుట్టు తీగ గుంజిన. రాత్రయితే దానికి కరెంటు పెడ్త. గది నేరం గద, ఇంట్ల గూడ ఎవ్వరికీ చెప్పలే. పెట్టేముందు రోజూ రూం దిక్కు చూస్త, మనిషి గిట్ల ఉన్నడేమో అని. ఆ రాత్రి గూడ చూసిన. లైటు లేదు. చెవి పెట్టి విన్న. సప్పుడు లేదు. వాడు దోస్తుల కాడ ఉన్నడనుకొని, కరెంటు తీగకు కొక్కెం తగిలిచ్చి ఇంటికి పోయిన."

గిటార్ గోడకానిచ్చిండు.

"పొద్దుగాల వచ్చేసరికి, రూంల నుంచి బయటికొచ్చి తీగ మీద పడి ఉన్నడు. కేసయితదని మనోళ్ళు పురుగు అని చెప్పుమన్నరు. ఎవ్వరూ ఇటు రాకుండ దెయ్యం అని వాళ్ళే పుకారు లేపిండ్రు. కొడుకును సంపుకున్నోణ్ణి, ఇగ దెయ్యమంటే నాకేంది."

"ఒక్కటే తెల్వది సారూ," అన్నడు రామ్‌సింగ్. "చీకటంటే వానికి చిన్నప్పటి సంది భయం. లైటు ఉంటే చూసేటోణ్ణి గద. గట్టిగ వాయిస్తే వినేటోణ్ణి గద. లైటు ఆర్పుకొని, సప్పుడు లేకుండ ఎందుకు కూసున్నడు? నువ్వు నేర్పినోనివి. ఈ విద్యకు చీకట్ల కూసునే పనేమన్న ఉంటదా?"

నాలుగు నెలల సంది తను అడగాలనుకున్న మాట. ఇప్పుడు తననే అడుగుతున్నరు. చెప్పాలె. నేను చెప్పిన కాకా, నేనే కూసోమన్న, అనాలె. గంతే పని.

"లేదు కాకా," అన్నడు అనిల్‌కుమార్. "గట్లేం లేదు. నాకు తెల్వది."

రామ్‌సింగ్ చాలా సేపు ఆయన మొకం దిక్కు చూసిండు. "సరే పో సారూ," అన్నడు. "గిటార్ కావాల్నా?"

"వద్దు. ఉంచుకోండ్రి."

గట్టు మీదికి వచ్చిండు. పది అడుగులు ఏసిండో లేదో, ఎనక రూంల ఫోన్ మాట్లాడింది. రికార్డు చేసిన మాట. పెద్ద గురువు లెక్క, గొంతు సవరించుకొని చెప్తున్న మాట.

"హీరా, లైటు బంద్ చెయ్యి. చేతిని చూసినంత సేపు నీకు రాదు. చీకట్ల కూసో..."

అనిల్ ఎనక్కి తిరగలేదు. తిరగడానికి మొకం లేదు.

"...నీకు తప్ప ఎవ్వరికీ వినపడొద్దు."

ఫోన్ ఆగింది. చీకట్ల బొటనవేలు మొదలుపెట్టింది.

దుం, టిం, టిం...

రోడ్డు దాకా, ఆ ఆఖరు వేలు ఎప్పుడు పడుతదా అని చూసుకుంటనే నడిచిండు.