అన్నయ్య దుప్పటి

పూర్వం మేఘవరం రాజ్యంలో వాన కురిపించే భేరి ఒకటుండేది. విరూపుడనే యక్షుడు ఏటా దాన్ని కొత్తగా చేసి, మోగించే విధానం తాటాకుల మీద రాసి, ఆ ఆకులను అడవిలో భేరికని కట్టిన కుటీరంలో పెట్టేవాడు.

ఒక ఏడు రాజు, "మన భేరికీ, కొండ కొన మీద గంధర్వులు ఊదే శంఖానికీ విధానం ఒక్కటే కదా. ఆకులన్నీ అక్కడి శంఖం కుటీరంలోనే ఉంచు. భేరి కుటీరం తీసేసి, దాని చోట కొండ కొనకు చేర్చే మాయద్వారం నిలుపు," అన్నాడు. యక్షుడు సరేనని కొత్త ఆకులు అక్కడే పెట్టాడు. కాని పాత కుటీరం పాత ఆకులతో అలాగే ఉండిపోయింది. భేరి మోగించే రత్నాకరుడు ఆ ఆకులే చదివి కొత్త భేరిని మోగించాడు; పాత విధానం దానికి సరిపడక నిలువునా శిల అయిపోయాడు. వానలూ ఆగిపోయాయి.

రత్నాకరుడి చెల్లెలు వకుళకు అతను తప్ప నా అన్నవాళ్ళు లేరు. ఎంత పిలిచినా శిల పలకలేదు. చివరికి ఆ పిల్ల యక్షుణ్ణే అడుగుదామని ఒంటరిగా అడవికి బయలుదేరింది. ముళ్ళపొదలు దాటింది, ఏరు ఈదింది, ఎలుగుబంటి కంట పడకుండా తప్పించుకుంది. వాటన్నిటికంటే, పలకరించే మనిషి లేకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

కుటీరం ముందు యక్షుడు కూర్చుని ఉన్నాడు.

"ద్వారం ఎందుకు పెట్టలేదు స్వామీ?" అని అడిగింది వకుళ.

"కుటీరం ఉండగా ద్వారం ఎక్కడ పెట్టనమ్మా? నా ఆకులైతే నేనే తీసేస్తాను. నేను పెట్టని వస్తువును ముట్టను. లోపల ఎవరిదో సామాను ఉంది."

వకుళ లోపలికి వెళ్ళింది. రత్నాకరుడు ఆకులు చదువుకుంటూ అక్కడే పడుకునేవాడు. మూలన అతని దుప్పటి, వేణువు ఉన్నాయి. దుప్పటికి ఇంకా అన్న వాసన ఉంది. దీన్ని కదిలిస్తే అన్న ఉన్న చోటంటూ మిగలదనిపించి, ముఖం దాచుకుని ఏడ్చింది. తరువాత దాన్ని మడతపెట్టి, వేణువుతో సహా బయటికి తెచ్చింది.

"పాత ఆకులు పారెయ్యకండి. ద్వారం నిలవకపోతే అన్నీ ఎక్కడివక్కడ పెట్టెయ్యాలి," అంది.

"ఇలా ముందే ఆలోచించి చెప్పినవాళ్ళు నాకు లేకపోయారు," అంటూ యక్షుడు పాత ఆకులు తీసి దాచి, చెయ్యి విసిరాడు. కుటీరం మాయమై ద్వారం నిలిచింది. వకుళ అందులోంచి కొండ కొనకు చేరి, కొత్త ఆకులు చదివి, పరుగున ఊరికి తిరిగివచ్చి భేరి మోగించింది.

వాన కురిసింది. ఆ వానకు తడిసి శిల మెత్తబడి, రత్నాకరుడు కళ్ళు తెరిచాడు. రాజు సంతోషించి, ఇకపై ఏ కుటీరం మార్చాలన్నా ముందు వకుళ చూసి రావాలని ఆజ్ఞాపించాడు.

"చలిగా ఉంది వకుళా. నా దుప్పటి కుటీరంలో ఉండిపోయింది," అన్నాడు రత్నాకరుడు.

"ఆ కుటీరం ఇప్పుడు లేదన్నయ్యా," అంటూ వకుళ దుప్పటి విప్పి అతని భుజాల మీద కప్పింది.