ఒక్క రాత్రి పొడి పక్క

"ఇక్కడ పడుకోకూడదు. లేచి షెల్టర్‌కి రండి."

"ముందు మీ నెత్తి మీదున్నది సరిగ్గా నిలబెట్టుకోండి మేడమ్. తర్వాత మా సంగతి చూద్దురుగాని."

కింద కూర్చున్న యువకుడు అలా అంటుండగానే గాలి ఒక్క విసురు విసిరింది. పసుపు కోటు వేసుకున్న ఆ అమ్మాయి చేతిలో గొడుగు గిన్నెలా తిరగబడి, వాననీళ్లు పట్టడం మొదలుపెట్టింది. ఫ్లైఓవర్ కింద అతని పక్కనే గోనెపట్టా మీద కూర్చున్న పెద్దావిడ పకపకా నవ్వేసింది.

నగరపాలక సంస్థలో ఆ అమ్మాయిది కొత్త ఉద్యోగం. రోడ్ల పక్కన పడుకునేవాళ్లను పలకరించి, నచ్చజెప్పి, షెల్టర్లకు పంపించాలి. మొదటిరోజే పరువు గంగలో కలిసింది.

"ఇటివ్వండి," అంటూ అతను గొడుగు లాక్కున్నాడు. చుట్టూ ఊచలు, తీగలు, రంగురంగుల గుడ్డముక్కలు. పాడైన గొడుగులు బాగుచేయడం అతని పని. అద్దెకున్న గది రోడ్డు వెడల్పులో పోయాక తల్లీకొడుకుల కాపురం ఇక్కడికి మారింది.

"షెల్టర్‌కి ఎందుకు రారు? పక్కలున్నాయి, ఫ్యాన్లున్నాయి."

"మగవాళ్లది ఊరికి ఆ చివర, ఆడవాళ్లది ఈ చివర. రాత్రి అమ్మకి దగ్గొస్తే మీ ఫ్యాను దిగొచ్చి వీపు నిమురుతుందా?"

అమ్మాయి ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత సూపర్‌వైజర్‌కి చూపిస్తే ఆయన పేజీ తిప్పేశాడు.

"గొడుగు అయిందా?"

"స్ప్రింగు పోయింది. రేపు రండి."

ఆ రేపు చాలాసార్లు వచ్చింది. ఓసారి పిడి ఊడిందన్నాడు. ఓసారి ఊచ వంగిందన్నాడు. ఇంకోసారి, గుడ్డ రంగు మీ కోటుకి మ్యాచ్ కావట్లేదన్నాడు.

"మీరు గొడుగుల డాక్టరా, గొడుగుల దొంగా?"

"డాక్టరునే. పేషెంట్‌ని డిశ్చార్జ్ చేస్తే చూడ్డానికి వచ్చేవాళ్లు రావడం మానేస్తారు. అదే నా బాధ."

"ఒరేయ్, దాని గొడుగు దాని మొహాన కొట్టరా," అని కసిరింది పెద్దావిడ. మళ్లీ అమ్మాయి వైపు తిరిగి, "అయినా పిల్లా, ఇన్నాళ్లయింది, కొత్తదొకటి కొనుక్కోవచ్చుగా నువ్వు?"

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. కొడుకు ఊచల్లో తల దూర్చేశాడు.

అంతలో ఆఫీసులో మంచి కబురు తెలిసింది. పాత మార్కెట్ వెనక కుటుంబాల కోసం కొత్త భవనం కట్టారట. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది. అమ్మాయి రొప్పుతూ వచ్చి చెప్పింది.

"తలుపుంటుందా?" అన్నాడతను.

"తలుపు, గొళ్లెం, కిటికీ అన్నీ ఉంటాయి."

"కిటికీ ఎటు?" అంది పెద్దావిడ.

"రోడ్డు వైపు."

"అమ్మయ్య. జనం కనబడకపోతే నాకు పిచ్చెక్కుతుంది."

"కానీ ఒక షరతు. వచ్చే వారం తెల్లారకముందే టీమ్ వస్తుంది. మీరు ఇక్కడే, ఈ చోటే పడుకుని కనిపించాలి. కళ్లారా చూస్తేనే ఇల్లు లేనివాళ్ల కింద రాసుకుంటారు. ఏం జరిగినా కదలకండి. ఒట్టెయ్యండి."

"ఎవరి మీద?"

"నా మీద."

అతను ఆమెనే చూస్తూ, "అయితే కదలం," అన్నాడు.

ఆ వారం ఇంకా గడవనేలేదు, వాన పట్టుకుంది. సాయంత్రానికి కాలువ పొంగి నీళ్లు ఫ్లైఓవర్ కిందికి తిరిగాయి. అమ్మాయి వచ్చి చూసేసరికి పెద్దావిడ గొడుగుల మూట మీద ముడుచుకుని కూర్చుని, గుక్క తిప్పుకోలేక దగ్గుతోంది. కొడుకు వెనకనుంచి పట్టుకుని నిలబడ్డాడు, మోకాళ్ల దాకా తడిసి.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి?"

"ఒట్టేశాంగా."

ఆమె నీళ్లలోకి దిగి పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. "ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. టీమ్ వచ్చేది వచ్చే వారం కదా. పదండి మా ఇంటికి."

ఇల్లంటే రెండు గదుల అద్దె వాటా. ఆమె తల్లి పెద్దావిడకి పొడి బట్టలిచ్చి, వేడినీళ్లు పెట్టి, కొడుకుని ఎగాదిగా చూసింది. "ఎవరే ఇతను?"

"గొడుగులు బాగుచేస్తాడమ్మా."

"ఓహో! నీ గొడుగు అడ్మిట్ అయిన ఆస్పత్రి ఇదేనా?"

అతను సిగ్గుతో గోడకి అతుక్కుపోయాడు. లోపల పెద్దావిడ పొడి పక్క మీద వాలీ వాలగానే నిద్రపోయింది. దగ్గు లేదు. అతను గుమ్మం దగ్గర నిలబడి ఆ నిశ్శబ్దాన్ని కాసేపు విన్నాడు.

"మేడమ్, గది వచ్చాక మిమ్మల్నొక మాట అడగాలి."

"ఇప్పుడే అడగొచ్చుగా."

"ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నాను, బాగోదు. మా ఇంట్లో నిలబడి అడుగుతాను."

ఆమె నవ్వుతూ వెళ్లి పడుకుంది.

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెడుతుంటే ఫోన్ చూసుకుంది. ఫ్లైఓవర్ దగ్గరికి టీమ్ వచ్చి వెళ్లిపోయిందని మెసేజ్. ఇంత వానలోనూ రోడ్డు మీదే ఉన్నవాళ్లయితేనే నిజంగా ఇల్లు లేనివాళ్లని ఎవరో పెద్ద ఆఫీసరుకి తోచిందట. అందుకే రాత్రికి రాత్రి తేదీ ముందుకు జరిపారు.

ఆఫీసుకి పరుగెత్తింది. "సార్, వాళ్లు ఎక్కడికీ పోలేదు. నిన్న మా ఇంట్లో పడుకున్నారు. నేనే తీసుకెళ్లాను."

సూపర్‌వైజర్ తలెత్తాడు. "అంటే తలదాచుకోడానికి ఓ ఇల్లున్నట్టేగా? నేనిప్పుడేం చెయ్యనమ్మా. మళ్లీ ఏడాది చూద్దాం."

నిజం చెబితే పని జరుగుతుందనుకుంది. చెప్పిన నిజమే అడ్డం తిరిగింది.

విషయం విని అతను తడిసిన గొడుగుల మూట విప్పడం ఆపేశాడు. "మీకు ముందే తెలియలేదా?" అన్నాడు. అంతే.

ఆ ఒక్క మాట ఆమెకు ముల్లులా దిగబడింది. మర్నాడు వెళ్లలేకపోయింది. ఆ మర్నాడూ అంతే. చివరికి బతిమాలుకుని వేరే వార్డుకి మారిపోయింది. గదులు వచ్చినవాళ్లు వెళ్లాక, ఇంకెవరూ లేరుగా అని ఫ్లైఓవర్ కిందంతా ఇనుపకంచె వేశారు. తల్లీకొడుకులు మూతపడ్డ షాపుల షట్టర్ల ముందుకి చేరారని ఎవరో చెప్పగా వింది. అక్కడ నెత్తి మీద ఫ్లైఓవర్ కూడా లేదు.

వాన పడ్డప్పుడల్లా ఆమె పక్క మీంచి దిగి నేల మీద కూర్చునేది.

"నువ్వలా కూర్చుంటే వాళ్లు తడవడం ఆగుతుందిటే? వెళ్లి కనబడు," అనేది తల్లి.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనమ్మా?"

ఏడాది తిరిగింది. మళ్లీ టీమ్ వచ్చే రోజు, మళ్లీ వాన. ఈసారి ఆమె తెల్లారకముందే లేచి, కోటు ఇంట్లోనే వదిలేసి, పెద్ద గొడుగొకటి పట్టుకుని షట్టర్ల దగ్గరికి వెళ్లింది.

పెద్దావిడ సగమైపోయింది. కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంది. ఏడాది కిందట తిరగబడ్డ గొడుగుని చూసి పకపకా నవ్విన మనిషేనా!

"కోటేదీ?" అన్నాడతను.

"తీసేసి వచ్చాను."

"ఏడాది పట్టిందా రావడానికి?"

"ముందే తెలియలేదా అన్నారుగా. ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియలేదు."

"అయ్యో పిచ్చిదానా!" అతను మొదటిసారి 'మీరు' మర్చిపోయాడు. "ఏమీ తోచక అన్నానంతే. ఆ రాత్రి మా అమ్మ దగ్గకుండా పడుకుంది. మళ్లీ అలా పడుకోలేదు. ఆ మాట చెబుదామని రోజూ రోడ్డుకేసే చూశాను. నువ్వేమో గది పోయింది కదా, మాతో పనైపోయిందనుకున్నావని..."

ఆమెకు ఏడుపాగలేదు. ఇద్దరూ ఎదురెదురుగా నోరు విప్పి ఉంటే ఒక్క పూటలో తేలిపోయే మాట. దానికి ఏడాది ధారపోశారు. ఆ ఏడాదంతా పెద్దావిడ తడిసింది.

అతను మూటలోంచి పాత గొడుగు తీశాడు. కొత్త ఊచలు, కొత్త పిడి. "ఎప్పుడో నయమైంది. తీసుకెళ్లేవాళ్లే రాలేదు."

"ఈసారి మా ఇంటికి రమ్మనను," అంది ముక్కు తుడుచుకుంటూ.

"పిలిచినా రాం."

ఆమె పెద్దావిడ పక్కన తడినేల మీద కూర్చుని, రెండు గొడుగులూ కలిపి పట్టింది. అప్పుడే టార్చి వెలుగు వాళ్ల మీద పడింది.

"తల్లీ కొడుకూ ఇద్దరే అన్నారే. ఈవిడెవరు?" అన్నాడు టీమ్ ఆఫీసరు.

ఆమె గొడుగులు కాస్త కిందికి దించుకుంది. పోయినసారి నిజం చెప్పి చూసింది కదా. అతను తల్లి వైపు చూశాడు.

పెద్దావిడ మోచేతి మీద మెల్లగా లేచింది. "మా కోడలు నాయనా."

"అయితే ముగ్గురని రాసుకోనా?"

"అప్పుడే రాయకు. ఇంకా మా ఇంటికి రాలేదు," అంది పెద్దావిడ. "ఇల్లుంటేగా రావడానికి!"

ఆఫీసరు నవ్వాపుకుంటూ, ఇద్దరూ కనిపించారని రాసుకుని ముందుకి కదిలాడు.

"మా ఇంట్లో నిలబడి అడుగుతానన్నాను," అని గొణిగాడు కొడుకు. "అమ్మ చెడగొట్టేసింది."

"అక్కడ మళ్లీ అడుగు," అంది ఆమె. "చెబుతాను."

పెద్దావిడ ఏడాది తర్వాత పకపకా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే దగ్గులోకి దిగిపోయింది. ఎంతసేపటికీ ఆగలేదు. చెరో వైపు నుంచీ ఇద్దరూ వీపు నిమురుతుంటే, మధ్యలో ఒకరి చెయ్యి ఒకరికి తగిలింది. ఎవరూ తీసేసుకోలేదు. గదికి కిటికీ ఉంటుంది, రోడ్డు వైపే ఉంటుంది. ఈ దగ్గుని మాత్రం ఏడాది ముందే లోపలికి తీసుకెళ్లాల్సిందని ఆ రెండు చేతులకీ తెలుసు.