పుల్లయ్య చెప్పుడాట

మిట్టమధ్యాహ్నం... నీడలు కాళ్ళ కిందికి నక్కే దుర్ముహూర్తం! అది 1978 వేసవి. ఆళ్ళగడ్డ శివార్లలో పాడుపడ్డ నాపరాళ్ళ కొట్టం. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఎక్కడో ఉరుము దొర్లింది...

లోపల నాపబండ మీద గీసిన గళ్ళు. వాటి మధ్య నరకపాలం. దాని వెనక మంత్రగాడు పుల్లయ్య. ఎదురుగా మహాలక్ష్మి. ఏడాది కిందట ఆమె మొగుడు సుందరరాజును కుందూ వరద మింగేసింది.

అది చెప్పుడాట. గవ్వలు వేసినవాళ్ళు ఒక చోటును, అక్కడి మనిషిని వర్ణిస్తారు. ఎదుటివాళ్ళు అందులో తామేం చేస్తున్నారో చెప్పాలి. వర్ణన ఎంత సజీవమైతే ఆ మనిషి అంత నిజమవుతాడు! చచ్చినవాడి చెయ్యి పట్టుకున్నానని మహాలక్ష్మి అంటే చాలు... ఆమె ప్రాణం కపాలంలో చేరుతుంది, పుల్లయ్య ఆయుష్షు పెరుగుతుంది.

“తెల్లచొక్కా. తలకు సంపెంగ నూనె వాసన. నవ్వుతా చెయ్యి చాపినాడు. ఏం చేస్తాండావ్, మహాలక్ష్మీ?”

ఆమె కళ్ళు తేలేసింది. పెదవులు కదిలాయి...

తలుపు కిర్రుమంది. అత్త ఓబులమ్మ! కోడలి కలవరింతల్లో ఆట గుట్టంతా విని, నంద్యాల బస్సు దిగి పరుగున వచ్చి, బండ ముందు కూలబడింది.

“గవ్వలు నాకియ్యి.”

కూర్చున్నవాళ్ళకు గవ్వలు కాదనకూడదు. అది ఆట కట్టుబాటు. పుల్లయ్య నవ్వాడు.

“నీకేం చెప్పనొస్తాది అవ్వా? పప్పు తాలింపు చెప్తావా?”

“నా కొడుకును చెప్తా. నువ్వు చెప్పినోడు నా కొడుకు కాదప్పా.”

గవ్వలు దొర్లాయి. ఏడాదిగా ఎవరితోనూ అనని మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

“చెవుల్లో ఒండ్రు. చేపలు కొరికిన పెదాలు. ఉబ్బిన వేలికి ఉంగరం రాల్యా. సబ్బు రాసి లాగితే తోలూడొచ్చె...”

బండ చెమర్చింది. కుళ్ళిన నీటి కంపు! గళ్ళలోంచి నల్లటి నీళ్ళు ఉబికాయి... వాటిలోంచి సుందరరాజు లేచాడు.

“నా రూపం కట్టి నా పెండ్లాన్ని పిలిచిందెవురు?”

పుల్లయ్య మంత్రం అందుకోబోయాడు. నోటి నిండా ఒండ్రు! ఉబ్బిన చెయ్యి అతని మెడ పట్టి నీళ్ళలోకి నొక్కింది. కేక సగంలోనే మునిగిపోయింది. కపాలం పిండైంది.

మహాలక్ష్మి ఉలిక్కిపడి లేచింది. “అత్తా... ఆయన పిలుస్తాండాడు.”

సుందరరాజు ఆమె వైపు చెయ్యి చాపాడు. గవ్వలు ఇంకా ఓబులమ్మవే. తాను చెప్పకపోతే కొడుకు పోడు. పోకపోతే కోడలు దక్కదు.

“ఎనక్కి తిరిగినావు నాయనా,” అంది ఓబులమ్మ, కోడల్ని ఒడిలోకి లాక్కుని. “కుందూ దిక్కు నడుస్తాండావ్...”

ఆమె చెప్పే కుందూ గట్టు నుంచి నీళ్ళు ఎంతో దూరం లేవు. ఆ కాస్త దూరం కొడుకును నడిపించడానికి ఓబులమ్మకు పొద్దుగూకేదాకా పట్టింది.